చీర ముక్క బరువు

ప్రిస్కిల్లా కిలో ఉప్పు ప్యాకెట్టును పిల్లల్ని తూచే జోలెలో పెట్టి, వేలాడే కాటా కొక్కేనికి తగిలించి, ముల్లు నిలకడకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా కిలో గీత మీద ఆగింది. ఆశా కార్యకర్తగా చేరిన పదిహేడేళ్ల నుంచీ రోజూ పొద్దున్నే చేసే పనే.

తూకమంటే ఆమెకు మొదట్నుంచీ భయం. చిన్నప్పుడు పలాసలో తల్లి పక్కన కూర్చుని జీడిగింజలు వలిచేది. సాయంత్రం కూలి కట్టడానికి పప్పు తూచేవాడు పళ్లెం ఎత్తగానే ఆడవాళ్లంతా మాటలు ఆపేసేవారు. శృంగవరపుకోట పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక, పదో తరగతి పాసైందని కాటా ఆమె చేతికే ఇచ్చారు. భయం మటుకు పోలేదు.

నరాలు తేలిన సన్నటి చేత్తో సంచీ భుజానికి తగిలించుకుని, మడమలు పగిలిన కాళ్లకు హవాయి చెప్పులు వేసుకుని బయల్దేరింది. ఇవాళ హేమ బిడ్డకు పద్నాలుగో రోజు. నెల ముందే పుట్టిన ఆడపిల్ల. పుట్టినప్పుడు కిలో తొమ్మిది వందల గ్రాములు. పోయిన వారం తూస్తే యాభై గ్రాములు పెరిగింది. ఆ మాట విని హేమ తల్లి అప్పలమ్మ పాదు మీది సొరకాయ కోసిచ్చింది.

వాకిట్లోకి వెళ్తే ఏడుపు వినిపించలేదు. అడుగు వేగం పెంచింది.

లోపల హేమ బిడ్డను పొదువుకుని కూర్చుంది. రొమ్ము పట్టిన వెంటనే నిద్రపోతోందని నెమ్మదిగా చెప్పింది. నెల తక్కువ పిల్లలు అంతేనని అప్పలమ్మ అడ్డుపడింది. ప్రిస్కిల్లా బిడ్డ అరికాళ్లు తాకి చూసింది. చల్లగా ఉన్నాయి. తొడల మీద చర్మం ముడతలు పడి ఉంది.

పది ఇళ్ల పిల్లలు ఎక్కిన జోలెలో తమ పిల్లను నేరుగా పడుకోబెట్టడానికి అప్పలమ్మ ఒప్పుకోదు, దిష్టి అంటుకుంటుందని. తన పాత నేతచీర ముక్కను నాలుగు మడతలేసి జోలెలో పరుస్తుంది. ఇవాళా పరిచింది. ప్రిస్కిల్లా ఎందుకో బిడ్డ లేకుండానే ఒకసారి కాటా ఎత్తింది.

ముల్లు రెండొందల గ్రాముల దగ్గర నిలబడింది.

వట్టి జోలెకు సున్నా ఎప్పుడో సరిచేసి ఉంది. ఈ రెండొందలూ చీరవే. పోయిన వారం ఆమె ఇలా చూసుకోలేదు. ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోను మీద ఫోను వస్తుంటే, చీరతో కలిపి గబగబా తూచి వెళ్లిపోయింది. అంటే అప్పుడు పిల్ల పెరగలేదు. నూట యాభై గ్రాములు తగ్గింది. వారం రోజులుగా ఈ ఇల్లు తన మాట నమ్ముకుని ధీమాగా కూర్చుంది.

బిడ్డను పడుకోబెట్టి ఎత్తింది. కిలో తొమ్మిది వందలు. అప్పలమ్మ వంగి చూసి, పుట్టినప్పటి బరువు ఉందిలెమ్మని తలాడించింది. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ తలపు వచ్చీ రాగానే ప్రిస్కిల్లా చెప్పేసింది.

"వదినా, ఇందులో నీ సీర బరువు కలిసుంది. పిల్ల కిలో ఏడొందలే. పోయినవారం కూడా నాను తప్పు సెప్పాను. ఇప్పుడే పెద్దాసుపత్రికి ఎల్లాల."

అప్పలమ్మ జోలెలోంచి బిడ్డను తీసుకుంది. "పెరిగిందన్నావు కదేటి. ఊరంతా సెప్పుకున్నాను." తర్వాత గొంతు తగ్గించింది. "బతుకుతాదా?"

"తెలీదొదినా."

హేమ అప్పటికే లేచింది. "ఆవిణ్ణి తరవాత తిడుదువుగానీ, ముందు నడమ్మా."

నూట ఎనిమిది బండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, మీద దుప్పటి కప్పి, ప్రిస్కిల్లా దాని ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. రెండుసార్లు లెక్క తప్పింది. రెండుసార్లూ ఊపిరి ఆగిందనే అనుకుంది.

బండి వచ్చాక తనూ ఎక్కబోయింది. "నువ్వొద్దు," అంది అప్పలమ్మ. కోపంగా కూడా అనలేదు. తలుపు పడింది. బండి విజయనగరం రోడ్డెక్కి, జీడితోటల వెనక కనుమరుగైంది. సైరను చాలాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

ఇంటికి తాళం వేయడం ఎవరికీ గుర్తులేదు. తలుపు దగ్గరగా వేద్దామని ప్రిస్కిల్లా వెనక్కి తిరిగింది. అరుగు మీద, పొద్దున బిడ్డకు పట్టాలని హేమ పిండిన పాలతో ఉగ్గుగిన్నె అలాగే ఉంది, ఒక్క చుక్కా తగ్గకుండా, పైన పల్చగా మీగడ కట్టి.