మచ్చల మిరప మొక్క

మచ్చ అంటే తవిటమ్మకు గిట్టదు. మిరప ఆకు మీద ఆవగింజంత చుక్క కనబడినా సరే, ఆ మొక్కను వేళ్లతో సహా పీకి వాగులో పారేసేది. అత్త ఎరుకమ్మ నేర్పిన పద్ధతి అది. అరవై రెండులో సోంపేట వదిలి అండమాన్‌లోని డిగ్లీపూర్ వచ్చేటప్పుడు ఎరుకమ్మ ఓడలో కొంగున కట్టి తెచ్చిన విత్తనం మరి! ఏటా మడిలో నున్నగా కళకళలాడే మొక్కను చూసి, చీర పేలిక కట్టి, దాని కాయలే విత్తనానికి ఉంచేవారు. అత్త పోయి పన్నెండేళ్లయినా తవిటమ్మ ఆ పేలిక కట్టడం మానలేదు.

ఈ ఏడు వానలు పట్టుకోగానే మడంతా ఆకు రాల్చేసింది. పేలిక కట్టిన మొక్కయితే నాలుగు రోజుల్లో ఎండుపుల్ల. కుండలో దాచిన విత్తనం చూస్తే పురుగు పట్టి పిండైపోయింది. అత్త మిరప ఇక లేనట్టే. తవిటమ్మకు అన్నం సయించలేదు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి బస్సులో వచ్చిన వ్యవసాయాధికారి సత్యవాణి మడంతా తిరిగి, కట్టెల మోపు వెనక కూర్చుండిపోయింది. అక్కడొక్క మొక్క పచ్చగా ఉంది. ఆకుల నిండా గోధుమరంగు చుక్కలు.

"అయ్యో దీదీ, నా కంట పడనేదు. ఉండు, పీకీస్తాను."

"ఆగమ్మా!" సత్యవాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ చుక్కలు రోగం ఆగిపోయిన చోట్లు. రోగక్రిమి ఆకులో దూరగానే పసిగట్టే ప్రోటీన్ ఈ మొక్కలో ఉంది. అది పసిగట్టగానే చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చిపోయి క్రిమికి దారి మూసేస్తాయి. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు విత్తనంలోనే వస్తుంది."

"మరి నున్నటి మొక్కలకి?"

"వాటికి ఆ కాపలా లేదు. క్రిమి సోకనంతకాలం బాగానే ఉంటాయి."

తవిటమ్మ గట్టు మీద చతికిలబడింది. పన్నెండేళ్లుగా వాగులో పారేసినవి ఏ మొక్కలో ఇప్పుడు తెలిసింది.

"ఎంత పని సేసినాను అత్తా! కాపలా కాసినోటినే ఏరి ఏరి పీకీసినాను."

ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడిచింది కూడా.

తర్వాత లేచి వెళ్లి ఎండుపుల్ల నుంచి పేలిక విప్పి, దులిపి, కట్టెల వెనక మొక్కకు ముడి వేసింది. ముడి బిగించాక అలవాటు కొద్దీ ఒక మచ్చాకు తుంచబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.