పెరట్లో విష్ణుక్రాంత

వినాయక చవితి రోజున మా ఇంట్లో నాయనమ్మ, నాన్న, అమ్మ, బాబాయి ఉన్నారు. నేనూ ఉన్నాను గానీ లెక్కలోకి రాను. ముట్టయ్యానని పొద్దున్నే చెప్పగానే, అమ్మ చేపల మేత బస్తాలుండే వెనక గదిలో చాప వేసింది. తలుపు తీసి ఉంటే అక్కణ్నుంచి పూజ పీట కనబడుతుంది. అమ్మకీ నెలనెలా ఈ గదే. "నీకేం, నెలకి మూడు రోజులు సెలవు" అంటాడు నాన్న నవ్వుతూ. ఆ సెలవులో అమ్మ ఖాళీ మేత బస్తాలన్నీ ఉతుకుతుంది. బస్తాలకి మైల అంటదు.

బాబాయి ఏలూరు నుంచి పత్రి కట్ట తెచ్చాడు.

"ఇందులో విష్ణుక్రాంత ఏదిరా? ఏదో గడ్డి కట్టి నీకు అంటగట్టాడు" అంది నాయనమ్మ.

"పెరట్లో ఉందండీ అత్తయ్యగారూ, అమ్మాయి పెంచింది" అని అమ్మ వెళ్లి తుంచుకొచ్చింది.

చేలన్నీ చేపల చెరువులయ్యాక మా పెదపాడు గట్ల మీద విష్ణుక్రాంత కనబడటం మానేసింది. వేసవిలో తాడేపల్లిగూడెం అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు మెరక మీద ఎండిన మొక్క దొరికితే, గింజలు పొట్లం కట్టుకొచ్చి ఇసుక మట్టిలో చల్లాను. నేల మీదే పాకింది. పొద్దున్నే చొక్కా గుండీ అంత నీలం పూలు పూసి, మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది.

నాయనమ్మ ఒక రెమ్మ ఎత్తి నాన్నకి చూపించింది. "చూశావా నరసరాజూ, మైల సోకకుండా పెంచితే ఎలా ఉంటుందో. ముట్టు చెయ్యి తగిలుంటే ఈపాటికి మాడిపోయేది. మీ ఆవిడ నాటిన మల్లె చూడు, ఇన్నేళ్లయినా మొగ్గ లేదు."

అమ్మ తల వంచుకుని పత్రి వేరు చేస్తూనే ఉంది.

ఉన్నమాట చెబితే ఆ రెమ్మ పీట మీదకి వెళ్లదు. పెరట్లో మొక్కని పీకేస్తారు. ఊరుకుంటే నాయనమ్మ అన్నదే నిజమైపోతుంది, మల్లె విషయం కూడా. బళ్లో హాజరు పలికినా వినబడక మేడమ్ రెండోసారి పిలుస్తారు నన్ను.

"నాయనమ్మా, పోయిన నెల ముట్టయిన మూడు రోజులూ దానికి నేనే నీళ్లు పోశాను. అంతకుముందు నెల కూడా."

అందరికీ వినబడింది. నాయనమ్మ రెమ్మని పళ్లెంలో పెట్టలేదు, పారెయ్యలేదు. నాన్న నా వైపు కాదు, అమ్మ వైపు చూశాడు.

"నీకు తెలుసా?"

"తెలుసండీ" అంది అమ్మ. "వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని."

నాన్న లేచి వచ్చి నా గది తలుపు మూశాడు.