రెల్లు మడి

సెవాస్తి మోకాళ్ల లోతు బురదలో నిలబడి, రెల్లు మొదళ్లకు చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులను పొడుగు కర్రకు బిగించిన ఇనుప పంజాతో లాగుతోంది. తొలివానకు ముందు ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో పట్టే ఉక్కకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఊరి కాలవల నీళ్లన్నీ ఈ మడుల్లో ఆగి, రెల్లు వేళ్ల మధ్య తేరుకున్నాకే ఓడరేవులోకి దిగాలి. మడులు వేసిన నాటినుంచీ వాటిని చూసేది ఆమే.

ఆమె ఎడమచెవికి వినబడదు. చిన్నప్పుడు తండ్రి కొట్టిన దెబ్బ. ముక్కు వంకర మొగుడి చలవ. తండ్రి పడవ మీంచి ముత్యపుచిప్పల కోసం సముద్రంలో మునిగేవాడు, మొగుడు ఇళ్లు కట్టేవాడు. ఇద్దరూ పోయారు. ఆమె ఏనాడూ తిరిగి చెయ్యెత్తలేదు.

మధ్యాహ్నం మబ్బు పడుతుండగా, గట్టు అవతల కొత్త ఇళ్ల పునాదుల దగ్గర పంపు మోగింది. గోతిలోని ఎర్రటి మట్టినీళ్లు గొట్టంలోంచి నేరుగా మడిలో పడుతున్నాయి. కొత్తగా నాటిన పిలకలు అప్పటికే మునిగిపోయాయి. ఆమె గట్టెక్కి పంపు ఆపేసింది.

పంపు మనిషి డారెన్ పానా పట్టుకుని పరుగున వచ్చాడు. వాన పడేలోపల గొయ్యి ఖాళీ కాకపోతే తన పని ఊడుతుందన్నాడు.

"ఈ బురద కమ్మితే రెల్లు చస్తది. ఇక ఊరి మురికంతా రేవులోకే."

"రేవు నీ అబ్బ సొమ్మా? జరుగవే ముసలీ."

"జరగను."

అతని పానా ఆమె తలమీద పడింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది. అతను మళ్లీ పంపు తిప్పబోతుంటే లేచి, పంజాతో మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగింది. భుజం మీద కొట్టింది. పడిపోయాక కాళ్ల మీద కొట్టింది. అతను ఏడుస్తూ వద్దన్నాక ఆగింది. ఆమెకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికే జడిసి పంజా అవతల పారేసింది.

మడుల్లో ఆమె తోటి పనివాడు మెర్విన్ వచ్చి డారెన్‌ను కారెక్కించాడు. ఆమెనూ ఆసుపత్రికి రమ్మని బతిమాలాడు.

"వాడి చెయ్యి చూపించు ముందు. నాకేం కాలేదు."

వాన విరుచుకుపడింది. ఆమె తన ట్రక్కును మడి కొసకి తోలి, నీళ్లు రేవులోకి దిగే చోట ఆపుకుని కూర్చుంది. మొదట ఎర్రగా వచ్చాయి. తర్వాత టీ రంగు. సాయంత్రానికి అడుగున గులకరాళ్లు కనిపించాయి.

వాన వెలిశాక మెర్విన్ తిరిగొచ్చాడు. పోలీసులు వస్తున్నారని, డారెన్‌ మొదట కొట్టింది తానేనని ఒప్పుకున్నాడని చెప్పాడు. ఆమె పలకలేదు. తలుపు తీసి భుజం పట్టుకుంటే చల్లబడ్డ ఒళ్లు మెల్లగా అతని చేతిమీదికి ఒరిగింది.

పక్క సీటు మీద సగం ఒలిచిన మామిడిపండు, దాని పసుపు మీద ఒకే ఒక్క పంటిగాటు.