గుసగుసల్లో పెరిగిన పిల్ల

తన బిడ్డ మూగదై, జన్మలో ఒక్కసారైనా తనను 'అమ్మా' అని పిలవదేమోనన్నదే తిలగం భయం. దాని ముందు మిగతా భయాలన్నీ దిగదుడుపే. రాసాత్తికి మూడో ఏడు నడుస్తోంది. ఏడిస్తే గొంతు ఉంది, పిలిస్తే తిరిగి చూస్తుంది, చెంబు తెమ్మంటే తెస్తుంది. మాట మాత్రం లేదు.

పుదుచ్చేరిలో, ముత్యాలుపేటలో వాళ్లదొక చిన్న పెంకుటిల్లు. తిలగం మామ వీరాసామి తెల్లదొరల నూలు మిల్లులో రాత్రంతా పనిచేసి, పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. పక్కింటి మగ్గం పగలంతా టకటకలాడుతున్నా ఆయనకు మెలకువ రాదు. ఆ మోతే ఆయనకు జోలపాట. మనిషి గొంతు వినబడితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. మిల్లులో యంత్రాల మోతను మించి ఎవరైనా అరిచారంటే, ఎవరి చెయ్యో అందులో పడిందని అర్థం మరి.

అందుకే తిలగం కాపురానికి వచ్చిన నాడే అత్త మణియమ్మ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. బడిలో పాఠం చదివితే వీధి చివరిదాకా వినబడే పిల్ల తిలగం. పెళ్లి కోసం బడి మాన్పించారు. బడితో పాటే గొంతూ పోయింది. బిడ్డకు జోల పాడినా, కబుర్లు చెప్పి బువ్వ తినిపించినా, కోప్పడినా అంతా గుసగుసే. భర్త పగటి పనికి పోయి, బిడ్డ నిద్రపోయాక గాని ఇల్లు చేరడు.

వస కొమ్ము అరగదీసి నాకించారు. దిష్టి తీశారు. ఏమీ జరగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పెరట్లో మణియమ్మ గిన్నెలు తోముతుంటే, పక్కింటి కనగం గోడ మీదుగా తొంగిచూసి, లోగొంతుకతో పలకరించింది.

"ఏంది మణియక్కా, నీ మనవరాలు ఇంకా నోరు తెరవలేదా? మా ఇంటి చిలక కూడా రెండు తిట్లు నేర్చె!"

"నీ దగ్గర పెరిగితే తిట్లు గాక ఇంకేం వస్తాయే," అంది మణియమ్మ గొంతు తగ్గించి. "బిడ్డకి నాలిక కింద నరం అంటుకోనుండాదంట. మంగలి తంగవేల్‌ని పొద్దుగూకే లోపల రమ్మన్నా. చిన్న కోత. అంతే."

నీళ్ల కడవతో వస్తున్న తిలగం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "కత్తితోనా అత్తా? వద్దత్తా... పసిబిడ్డ..."

"ఊమపిల్లని, నోరులేనిదాన్ని, రేపు ఎవుడు కట్టుకుంటాడు? నువ్వు కట్టుకుంటావా? పో, ఉలవలు ఏరు పో."

తిలగం ఉలవల వైపు పోలేదు. అసలు ఆ నరం ఎలా ఉందో తన కళ్లతో చూడాలనుకుంది. కనగం మళ్లీ మగ్గం దగ్గర కూర్చున్నట్టుంది, గోడ అవతల టకటక మొదలైంది. ఆ గోడ కిందే రాసాత్తి కూర్చుని, తాత మిల్లు నుంచి తెచ్చిన, నూలు అయిపోయిన ఉత్త కండెకు గుడ్డపీలిక చుట్టి, ఒడిలో పెట్టుకుని ఊపుతోంది. పెదాలు కదులుతున్నాయి. అవి ఎప్పుడూ కదిలేవే. ఏదో నములుతోందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు.

"నోరు తెరువు బంగారూ," అని గుసగుసగా అంటూ తిలగం వంగింది. తల్లీబిడ్డల చెంపలు రాసుకున్నాయి. అప్పుడే పక్కింట్లో పోగు తెగిందో ఏమో, మగ్గం ఆగింది. తిలగం చెవిలో వెచ్చటి ఊపిరి తగిలింది. ఆ ఊపిరిలో మాటలున్నాయి.

"సద్దు చెయ్యద్దు కన్నా... తాత నిదరపోతాండాడు... అమ్మ బువ్వ పెడతాది..."

ఆ మాటలు తిలగంవే. ఆ సాగదీతా తనదే. ఒకటి కాదు రెండు కాదు, గంపెడు మాటలు. వాటి మధ్య 'అమ్మ' కూడా ఉంది. ఆ మగ్గం మోతలో ఈ పిల్ల తనను ఎన్నిసార్లు పిలిచిందో! తను పలకనే లేదు.

"రాసాత్తీ!"

ఆ కేక తనదేనని తిలగానికి నమ్మకం కలగలేదు. లోపల మంచం కిర్రుమంది. వీరాసామి పంచె సర్దుకుంటూ పరుగున వచ్చాడు. "ఎవురికి ఏమాయె? చెయ్యా? ఎవురి చెయ్యి?"

"లేపేసిందయ్యా మహాతల్లి!" అని మణియమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎవురికీ ఏం కాలే మామా." తిలగం బిడ్డను ముందుకు జరిపింది. "బిడ్డకి మాటలొచ్చు. మనం మాట్లాడే మాదిరే మాట్లాడతాంది. చెవి పెట్టి చూడండి."

ఆయన మునికాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గాడు. రాసాత్తి బెదురుగా చూసి, కండెకు చెప్పింది. "తాత లేచేసినాడు."

వీరాసామి పంచె కొసతో కళ్లు తుడుచుకున్నాడు. పెళ్లాం వైపు తిరిగి, "తంగవేల్ వస్తే నా గడ్డం చూపీ. ఆ కత్తికి అంతే పని," అన్నాడు. "ఇంగ ఈ ఇంట్లో గొంతు దాచద్దు. నేను లేస్తే మళ్లీ పడుకుంటా, ఏం పోయె?"

తిలగం బిడ్డ అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని, గట్టిగా "అమ్మ" అంది. చెయ్యి కింద గొంతు జుమ్మనడంతో రాసాత్తికి చక్కిలిగిలి పుట్టి పకపకా నవ్వింది. మళ్లీ అనమని గొంతు తట్టింది. తిలగం మళ్లీ అంది. ఎన్నిసార్లు తడితే అన్నిసార్లూ అంది. చివరికి పిల్ల తన గొంతు మీదే చెయ్యి వేసుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఆ నవ్వులోంచే, కాస్త బొంగురుగా, మాట బయటపడింది.

"అమ్మా."

చదివేవాళ్లకు ఒక మనవి. మాట రాలేదని నలుగురూ చెప్పుకునే పసిబిడ్డ మీ వీధిలోనూ ఉంటే, వీలు చూసుకుని వెళ్లి చూసి రండి. బిడ్డ దగ్గర కాసేపు కూర్చోండి. అట్లే ఆ తల్లిని కూడా ఒకసారి పలకరించండి. ఆమెతో గట్టిగా ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో.