ఫైలు వాడుకలో ఉంది

పదిహేనేళ్లు విండోస్ మీదే డేటాబేస్‌లు చూసుకున్నాను. పాత ఫైళ్లు తీసేయాలంటే అన్నిటినీ ఎంచి ఒకేసారి డిలీట్ కొట్టడం నా అలవాటు. డేటాబేస్ తెరిచి ఉంచిన ఫైలైతే "ఇది వాడుకలో ఉంది" అని విండోస్ మొండికేస్తుంది. ఏది ఉంచాలో చూసుకునే పని దానికే వదిలేశాను.

మా ఆసుపత్రి విండోస్ వదిలి లైనక్స్‌కు మారిన మూడో వారం, పగలు పదకొండున్నరకు, డిస్కు నిండిందని హెచ్చరిక వచ్చింది. నల్లతెర మీద ఆర్‌ఎమ్ అనే తుడిచే కమాండ్ కొట్టి ఫోల్డర్‌లోవన్నీ పొమ్మన్నాను. అది కిక్కురుమనలేదు. చూస్తే రక్తపరీక్షల ఫైలు కూడా లేదు!

రాత్రి తీసిన బ్యాకప్ ఉంది గానీ ఆ ఉదయం పరీక్షలు అందులో లేవు. పన్నెండింటికి ఆపరేషన్ బల్ల మీద ఒకావిడకు రక్తం ఎక్కించాలి. ఏ ప్యాకెట్టు ఆవిడకు సరిపడుతుందో తేల్చిన రిపోర్టు ఆ ఫైల్లోనే ఉంది. మళ్లీ పరీక్ష చేయాలంటే గంట పడుతుంది.

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఆపరేషన్ గదిలో రిపోర్టు తెరుచుకోవట్లేదట. రీస్టార్ట్ కొట్టు, సర్దుకుంటుంది."

ఇన్నేళ్లూ అన్ని రోగాలకూ అదే మందు వేశాను. డేటాబేస్ ఆపే కమాండ్ టైపు చేశాను కూడా. ఎంటర్ నొక్కబోతూ ఆగాను. తుడిచేటప్పుడు ఒక్క మాట అడగని సిస్టమ్ ఇప్పుడు మాత్రం నన్ను కాపాడుతుందా?

పక్క సీట్లో ఉండే లైనక్స్ పెద్దాయన్ని అందరం బాబాయ్ అంటాం. ఆయన నేర్పుతానంటే "నాకు తెలీదా?" అని మొన్ననే ముఖం మీద కొట్టినట్టు చెప్పాను. ఇప్పుడు గదంతా వినేలా అన్నాను.

"బాబాయ్, వాడుకలో ఉన్న ఫైలు తుడిచేశాను."

"డేటాబేస్ ఆపావా?"

"ఇంకా లేదు."

"ఆపకు తల్లీ! జాబితాలోంచి పేరే పోయింది, అందుకే కొత్తగా తెరవబోతే దొరకట్లేదు. డేటాబేస్ ఆ ఫైల్ని ఇంకా పట్టుకునే ఉంది. వదిలిందా, ఇక దొరకదు."

"అవతల మనిషి ప్రాణం పోతోంటే పాఠాలా? జరుగు, నేనే కొడతా" అని మేనేజర్ కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు.

ఆ చేతిని తోసేశాను. "ముట్టుకోకండి సార్! వెళ్లి ఎంట్రీలు ఆపమని అన్ని వార్డులకూ చెప్పండి."

బాబాయ్ చెబుతుంటే నేను కొట్టాను. తుడిచేసినా తెరిచే ఉన్న ఫైళ్లు ఏవని సిస్టమ్‌ను అడిగితే ఒకే ఒక్క వరుస వచ్చింది. దాన్ని వేరే డిస్కులోకి కాపీ పెట్టాను. ఎంత అయిందో, ఎంత మిగిలిందో తెర చెప్పదు. పదకొండు నలభై ఆరు. నలభై తొమ్మిది.

కాపీ అయింది. సైజులు సరిపోయాయి.

"ఇప్పుడు ఆపు" అన్నాడు బాబాయ్.

కాపీలో తేడా ఉంటే అసలుదాన్ని నా చేతులతోనే చంపినట్టు. ఎంటర్ నొక్కాను. కాపీని పాత చోట పెట్టి, దాని హక్కును డేటాబేస్ పేరు మీదికి మార్చి, మళ్లీ స్టార్ట్ చేశాను.

పదకొండు యాభై ఆరుకు ఫోన్ మోగింది. అప్పటికే తిరిగొచ్చిన మేనేజర్ విని, "రిపోర్టు వచ్చిందట. ప్యాకెట్టు తీసుకెళ్తున్నారు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ఆయన గొంతు తగ్గించాడు. "పైవాళ్లకు డిస్కు పాడైందని రాసేద్దాం. నీకూ మంచిది."

"వద్దు సార్. నేను తుడిచేశానని రాయండి. రీస్టార్ట్ కొట్టమన్నది మీరని కూడా రాయండి. విండోస్ నుంచి నా తర్వాత వచ్చేవాళ్లు రెండూ చదవాలి."