మైనస్ ఒకటో గడి

వరద హెచ్చరికల ఆఫీసులో లెక్కల ప్రోగ్రాము బాధ్యతంతా ఆమెదే. దాన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది మాత్రం రిటైరైపోయిన పెద్దాయన. నది పొడవునా ఉన్న కొలత స్తంభాల, అంటే గేజీల, నీటిమట్టాలు చదివి, ఏ వీధికి ఎప్పుడు నీళ్లొస్తాయో చెప్పడానికి దానికి నలభై నిమిషాలు పట్టేది.

"ఈలోగా నీళ్లే వచ్చి చెప్పేస్తాయి," అని అధికారి ఎగతాళి చేసేవాడు.

ఆమె పట్టుబట్టి దాన్ని వేగంగా నడిచే సీ భాషలోకి మార్చడం నేర్చుకుంది. ప్రోగ్రాములో ఏది పూర్ణాంకమో, ఏది దశాంశమో, ఏది దశాంశాల వరుసో ముందే ప్రకటించేసింది. ఇక యంత్రం ప్రతి అంకెనీ నువ్వెవరని ఆరా తీయక్కర్లేదు. నేరుగా మెమరీలో ఆ గడికే వెళ్తుంది. నలభై నిమిషాలు మూడుకి దిగాయి.

"ఇంకా తగ్గదా?" అన్నాడు అధికారి.

వరుస దాటి బయటి గడులు చదవకుండా ఆపే హద్దుల తనిఖీ తీసేసింది. మైనస్ ఒకటి అంటే వరుసలో చివరి గడి అనుకునే పైథాన్ అలవాటునీ తీసేసింది. ఇరవై సెకన్లు! ఎండాకాలపు పాత లెక్కలతో పోల్చి చూస్తే అన్నీ అతికినట్టు సరిపోయాయి.

వానలు మొదలైన మూడోరోజు పొద్దున హెచ్చరికల జాబితా వెళ్లింది. అందులో ఆనకట్ట కింది మొదటి వీధి లేదు. మధ్యాహ్నానికి ఆ వీధే మునిగింది. మోటార్లు ఆపడానికి అక్కడి పంపుహౌస్‌లోకి దిగిన కాపలాదారు మరి పైకి రాలేదు.

ఆమె పెద్దాయనకి ఫోన్ చేసింది.

"సార్, మొదటి గేజీ లెక్కలో మైనస్ ఒకటో గడి ఎందుకు చదివారు?"

"ఆనకట్ట నుంచి వదిలే నీళ్ల లెక్క చివరి గడిలో పెట్టానమ్మా. ఏం?"

కొత్త ప్రోగ్రాము వరుస బయట, ఎవరిదీ కాని చోట, ఏదో సున్నా చదువుకుంటూ వచ్చింది. ఎండాకాలంలో ఆనకట్ట లెక్కా సున్నాయే, అందుకే పోలికలో తేడా కనబడలేదు.

ఆయనకి అర్థమైంది. "అక్కడ ఒక్క ముక్క రాసిపెట్టాల్సింది నేను," అన్నాడు.

"అడగాల్సింది నేను సార్."

అధికారి తలుపు వేసి చెప్పాడు. "వాన మీదకి నెట్టేద్దాం. ఎవరికీ తెలీదు."

ఆమె ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టింది. వారానికల్లా ఆమెని రికార్డుల గదికి మార్చారు.

ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని కాపలాదారు ఇంటికెళ్లింది. గోడలకి నడుమెత్తున బురద చార. అతని భార్య తడిసిన పరుపు ఎండబెడుతోంది. హెచ్చరిక వెళ్లకపోవడం తన తప్పేనని ఆమె చెప్పింది.

భార్య చెయ్యి ఆగింది. "పొద్దున మీ జాబితా చూసే వెళ్లాడమ్మా. మన వీధి లేదులే, భయపడకు అన్నాడు."

పరుపు రెండో కొస పట్టుకోమని సైగ చేసింది. ఆమె పట్టుకుంది. నీళ్లోడుతూ అది చాలా బరువుగా ఉంది.