అధ్యక్షా, ఆవిడతో చెప్పండి

మా స్టార్క్‌హాలోలో ప్రతి మార్చి మొదటి మంగళవారం ఊరంతా ఒకే హాలులో కూర్చుని పోట్లాడుకుంటుంది. రోడ్డు మీద ఎంత కంకర పోయాలి, కుక్కకు లైసెన్సు ఉండాలా అక్కర్లేదా, మంచు తీసే లారీ ఇంకో ఏడాది బతుకుతుందా లేదా, ఇవన్నీ ఆ ఒక్క రోజే చేతులెత్తి తేల్చేస్తాం. ఆ సభకు పందొమ్మిదేళ్ళు నేనే అధ్యక్షుణ్ణి. నా చదువు ఊరిబడిలో ఎనిమిదో తరగతితో సరి. అధ్యక్షుడికి చదువుతో పనిలేదు. చేతిలో గట్టి కొయ్యసుత్తి, ఒంట్లో గట్టి మూత్రాశయం ఉంటే చాలు. మొదటిది ఊరిచ్చింది, రెండోది దేవుడిచ్చాడు.

ఆ సభకు ఒక నియమం ఉంది. ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు. తిట్టాలన్నా, పొగడాలన్నా అధ్యక్షుడి ముఖం చూసే చెప్పాలి. మనుషులు కలబడకుండా మా తాతలు పెట్టిన ఏర్పాటది. వెర్మాంట్‌లో మిగతా ఊళ్ళకు అది ఒట్టి నియమం. మా ఊళ్ళో మాత్రం పెర్లీ కోబర్న్, థర్జా విట్‌కోంబ్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి.

పెర్లీకి నలభై ఆవులున్నాయి. చర్చిలో పెద్ద. వాళ్ళ తాత రిపబ్లికన్, నాన్న రిపబ్లికన్, ఆవుల సంగతి అడిగితే అవీ అంతే అంటాడు. భోజనం ముందు అతను ప్రార్థన మొదలుపెడితే మూడిళ్ళ అవతలివాళ్ళు కూడా చెంచాలు కింద పెట్టేస్తారు. అంత గొంతు. థర్జా నలభై ఏళ్ళు ఈ లోయకంతటికీ నర్సు. డెమోక్రాట్. ఊళ్ళో డెమోక్రాట్లను వేళ్ళమీద లెక్కపెట్టే రోజుల్లో ఆవిణ్ణి ఇద్దరి కింద లెక్కేసేవాళ్ళం. ఆవిడ కోపంగా పలకరిస్తే బిందెలో పాలు విరిగేవి. జున్ను చేసుకునేవాళ్ళు అందుకే ఆవిణ్ణి పిలిచి మరీ కోపం తెప్పించేవాళ్ళు.

వాగుకు ఇవతల పెర్లీ ఇల్లు, అవతల థర్జా ఇల్లు. పెర్లీ భార్య మంచంపట్టినప్పుడు నాలుగు నెలలు, ఆఖరి రోజు దాకా చూసుకున్నది థర్జాయే. తర్వాత ప్రతి ఆదివారం పెర్లీ ఆవిడ గుమ్మంలో మీగడ గిన్నె పెట్టి వెళ్ళేవాడు. 1973 జనవరిలో గర్భస్రావం మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ వారమే కిరాణా కొట్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన ఒక మాటన్నాడు, ఆవిడ రెండన్నది. ఆ ఆదివారం మీగడ రాలేదు. పదకొండేళ్ళు రాలేదు.

ఇక నా సంగతి. మా ఆవిడ రొవీనా పోయాక నాకు మిగిలింది ఆ ఊరిబడి. పొద్దున్నే పొయ్యి రాజేయడం, ఊడవడం, మెట్లమీద మంచు గీకడం నా పని. అక్కడ పందొమ్మిదిమంది పిల్లలు. నా కోతలు వినేవాళ్ళు భూమ్మీద వాళ్ళే. ముప్ఫైఆరు వరదలో మా కోళ్ళగూడు పక్క ఊరికి కొట్టుకుపోయి, అక్కడి కోళ్ళ పద్ధతి నచ్చక ఎదురీదుకుంటూ తిరిగొచ్చిందని చెబితే, ఎన్ని గుడ్లు పగిలాయని అడిగేవాళ్ళే గాని అబద్ధమని ఒక్కరూ అనలేదు.

1984 సభలో పద్నాలుగో అంశం ఆ బడిని మూసేయడం. పిల్లల్ని బస్సెక్కించి పదిహేడు మైళ్ళ దూరంలోని బ్రాక్‌వే బడికి పంపాలని ఊరిపెద్దల్లో ఒకడైన హాలిస్ పెన్నిమన్ పెట్టాడు. చెడ్డవాడేం కాదు. అక్కడ సంగీతం టీచరుందని, ఆడుకోవడానికి పెద్ద గదుందని అతని వాదన. అతని వైపువాళ్ళంతా ఉద్యోగాల్లోంచి రిటైరైనవాళ్ళు, బ్రాక్‌వేలో పనిచేసేవాళ్ళు. బడి ఉండాలనేవాళ్ళు దాదాపు అందరూ పాడి రైతులు. నాలుగ్గంటలైతే రైతులు లేచి పాలు పితకడానికి వెళ్ళిపోతారు. ఆవు ఏ సభకూ ఆగదు. పద్నాలుగో అంశం నాలుగు దాటాక వస్తే బడి పోయినట్టే. అధ్యక్షుణ్ణి గనక నేను నోరు మెదపడానికి లేదు. ఏ పక్షమో ముఖంలో కూడా కనిపించకూడదు.

పొద్దున ఎనిమిది అంశాలు సాఫీగా నడిచాయి. మధ్యాహ్నం ఆడవాళ్ళు బీన్సు, పంది మాంసం, నాలుగు రకాల తీపి వడ్డించారు. ఒంటిగంటన్నరకు తొమ్మిదో అంశం తెరిచాను. అది పెర్లీ తెచ్చింది. బళ్ళలో మళ్ళీ ప్రార్థన పెట్టేలా రాజ్యాంగం మార్చమని ఊరి తరఫున వాషింగ్టన్‌కు ఉత్తరం రాయాలి. భోజనాల దగ్గరే తలలు లెక్కపెట్టుకున్నాడు. అరవై ఆరుమంది తన వైపు. గెలుపు ఖాయం.

"అధ్యక్షా!" అన్నాడు పెర్లీ. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. "ఇరవై రెండేళ్ళ కిందట ఆ సుప్రీంకోర్టు దేవుణ్ణి బళ్ళోంచి గెంటేసింది. నేను ఎనిమిదేళ్ళు ఆ బళ్ళో రోజూ ప్రార్థన చేశాను. నాకేం చెడుపు జరిగిందో ఆ నర్సమ్మని చెప్పమనండి."

"అధ్యక్షా, అది సభంతా చూస్తూనే ఉంది, వేరే చెప్పక్కర్లేదని చెప్పండి," అన్నది థర్జా.

నేను పెర్లీ వైపు తిరిగి, "ఆవిడ అనేదేమిటంటే..." అనబోయాను.

"విన్నాన్లేవయ్యా! నాకేం చెవుడా?"

"ఎవరి ప్రార్థనో కూడా అడగండి అధ్యక్షా," అన్నది థర్జా. " లాఫ్లామ్ వాళ్ళ పిల్లలు క్యాథలిక్కులు. వాళ్ళ ప్రార్థన మనదానికంటే ఒక వాక్యం పొట్టి, ముందే ఆమెన్ అనేసి కూర్చునేవాళ్ళు. మనం ఇంకో వాక్యం లాగేవాళ్ళం. టీచరమ్మ స్కేలుతో కొట్టి వాళ్ళని లేపేది. అర్మాండ్ లాఫ్లామ్ ఈయన పక్కనే కూర్చునేవాడు. గుర్తుందేమో అడగండి."

పెర్లీ చెవులు ఎర్రబడ్డాయి. "గుర్తుంది. అయితే ఏం? అర్మాండ్ చచ్చిపోలేదుగా. అదిగో, వెనక బెంచీలోనే ఉన్నాడు."

"చచ్చిపోలేదు గాని చెయ్యి మాత్రం వాచింది అధ్యక్షా!" అని వెనకనుంచి అర్మాండ్ కేకేశాడు. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను, గడియారం చూసేదాకా. రెండుంబావు.

అక్కణ్ణుంచి మాటలు బరువెక్కాయి.

"అదే కోర్టు అధ్యక్షా," అన్నాడు పెర్లీ. "ముందు ప్రార్థన తీసేసింది. పదేళ్ళు తిరిగేసరికి కడుపులో బిడ్డని తీసెయ్యడానికి తలూపింది. రెండూ ఒక చేత్తో చేసిన పనులే."

థర్జా నెమ్మదిగా లేచింది. "ఆ తీర్పు రాకముందు ఈ లోయలో ఇద్దరాడపిల్లలు దొంగచాటుగా చేయించుకుని చచ్చిపోయారు. ఇద్దరికీ ఆఖరి స్నానం నేనే చేయించాను. ఆయన ఎప్పుడైనా ఆ నీళ్ళు మోశాడేమో అడగండి."

"మొయ్యలేదు. మరి పుట్టకుండా పోయినవాళ్ళకి నీళ్ళెవరు పోశారో ఆవిణ్ణి అడగండి."

ఆ రెండు ప్రశ్నలూ నేను అటూ ఇటూ అందించలేదు. అందించక్కర్లేకపోయింది. పెర్లీ గొంతు మొదటిసారి చిన్నదైంది, థర్జా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇద్దరిలో ఎవరూ గెలవాలని మాట్లాడటం లేదని ఆ నిమిషంలో నాకనిపించింది.

మూడుంబావు. థర్జా సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. "అధ్యక్షా, నా జవాబు ఇరవై పేజీలుంది."

సుత్తి ఎత్తాను.

"ఆ సుత్తి దేనికి అధ్యక్షా? నియమం మారిందా?"

మారలేదు. మూడింట రెండు వంతులమంది చాలనంటే తప్ప చర్చ ఆపే హక్కు నాకు లేదు. చాలనే నాథుడెవడూ లేడు. సర్కస్‌కు కూడా ఇంత రంజుగా ఎవరూ కూర్చోరు. రైతులు సైతం బడి మాట మర్చిపోయి చెవులప్పగించారు. సుత్తి దించేశాను. ఆవిడ చదువుతోంది. ఒక్కో పేజీ తిరగేసినప్పుడల్లా బళ్ళో ఒక్కో పిల్ల లేచి బస్సెక్కుతున్నట్టుంది నాకు. మూడున్నరకు పెర్లీ ఆవులు అరవడం మొదలుపెట్టాయి. అవి రెండు మైళ్ళ అవతలున్నా వినపడతాయి. వాటి టైము ఎంత ఖచ్చితమంటే, రైల్వేవాళ్ళు వాటిని విని గడియారాలు దిద్దుకునేవాళ్ళు. ఒకసారి వాటికి జలుబు చేస్తే మాంట్రియల్ రైలు గంట ఆలస్యమైంది.

ఏడో పేజీ మధ్యలో థర్జా ఆగింది. కళ్ళజోడు మీదనుంచి హాలుకు అటువైపు చూసింది.

"అధ్యక్షా, హాలిస్ ఎటు చూస్తున్నాడో ఆ పెద్దమనిషిని ఒకసారి చూడమనండి."

పెర్లీ చూశాడు. హాలంతా చూసింది. హాలిస్ పెన్నిమన్ గోడ గడియారం వైపు చూస్తున్నాడు. చప్పున తల దించుకుని బూట్ల తాళ్ళు సరిచేసుకోసాగాడు. పెర్లీ వేళ్ళమీద తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా లెక్కపెట్టాడు. తర్వాత తన ఆవుల అరుపు విన్నాడు. ముఖం పాలిపోయింది.

"అధ్యక్షా," అన్నాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని. "ఏ బళ్ళో ప్రార్థన చెయ్యాలని ఇందాకట్నుంచీ కొట్టుకు చస్తున్నామో, ఆ బడే సాయంత్రానికి ఉండేట్టు లేదు. నా తొమ్మిదో అంశం నేనే పక్కన పెట్టమంటున్నాను. పద్నాలుగోది ఇప్పుడే తియ్యండి."

అతని వైపు బెంచీల్లో గగ్గోలు లేచింది. "పెర్లీ, నీకేమైనా పిచ్చా? గెలిచేది మనమే కదరా!"

"తెలుసు, కూర్చో," అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఎవరో ఒకరు బలపరచాలి. ఆవిడ దగ్గరింకా పదమూడు పేజీలున్నాయి. పక్కన పెడితే అవి చదవడానికుండదు. ఆ చివరి ప్రశ్న నాది, అది అలాగే ఉండిపోతుంది. ఆవిడకి సమ్మతమేనా, అడగండి అధ్యక్షా."

పదకొండేళ్ళుగా రాసుకున్న జవాబు ఆవిడ చేతిలో ఉంది. ఆఖరి మాట ఇంకొకరికి వదిలిపెట్టడం ఆ మనిషి జన్మలో ఎరగదు. కాగితాలు నాలుగు మడతలు వేసి సంచీలో పెట్టుకుంది.

"అధ్యక్షా, ఆయనతో చెప్పండి. బలపరుస్తున్నాను." అని కూర్చుంది.

నాలుగుకు పదమూడు నిమిషాలుండగా పద్నాలుగో అంశం చదివాను. హాలిస్ మాట్లాడాడు, మర్యాదగానే మాట్లాడాడు. అర్మాండ్ ఒకే ఒక్క మాట చెప్పాడు, చెయ్యి వాచినా ఆ బడే కావాలన్నాడు. బడి సంగతి గనక చేతులెత్తకుండా చీటీలు వేశారు. నాలుగు దాటింది. నలభై ఆవులూ కలిసి కొండ కదిలేట్టు అరుస్తున్నాయి. ఒక్క రైతు కదల్లేదు. పెర్లీ కంటి కొసన నీళ్ళు తిరిగాయి, పొదుగులు నొప్పి పెడతాయని అతనికి తెలుసు.

"మూసేయాలనేవాళ్ళు అరవై ఒకటి," అని చదివాను. "ఉంచాలనేవాళ్ళు అరవై నాలుగు."

అధ్యక్షుడి గొంతు అక్కడ వణికిందని కొందరంటారు. దగ్గు వచ్చింది, అంతే.

రైతులు మంచులో పరుగులు తీశారు. సభ ముగిశాక ఇద్దరికీ దండం పెడదామని చూస్తే పెర్లీ ఆవుల దగ్గరికి పోయాడు, థర్జా ఇంటికి పోయింది. వెళుతూ గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారట. ఆయన తలుపు పట్టుకున్నాడట. ఆవిడ ఆ తలుపుతో థాంక్స్ అన్నదట.

మర్నాడు ఆరున్నరకు బడి తలుపు తీశాను. లోపల ఊపిరి వదిలితే పొగలా కనిపించే చలి. గోడకు పిల్లలు కోట్లు తగిలించుకునే పందొమ్మిది కొక్కేలు. వాటి కింద పందొమ్మిది పేర్లు. నేను చర్చికి చావులకీ క్రిస్మస్‌కీ తప్ప పోయే రకం కాదు. అయినా పొయ్యి ముందు వంగుని, అగ్గిపుల్ల గీసి, పైకే అన్నాను. పెర్లీ పేరు, థర్జా పేరు చెప్పి, వాళ్ళిద్దర్నీ ఇంత మొండివాళ్ళుగానూ, అంతకంటే మంచివాళ్ళుగానూ పుట్టించినందుకు కృతజ్ఞతలు చెప్పాను. నా కోతలు వినేవాళ్ళని నాకు మిగిల్చినందుకు కూడా. ప్రభుత్వ బళ్ళో ప్రార్థన! సుప్రీంకోర్టుకు రాయాలనుకున్నవాళ్ళు రాసుకోవచ్చు, నా అడ్రసు ఊళ్ళో ఎవరైనా చెబుతారు.

దాచుకోలేక శనివారం పెర్లీకి చెప్పేశాను. పాల క్యాను కింద పెట్టి ముఖం చాటంత చేసుకున్నాడు.

"బళ్ళో ప్రార్థనా? చూశావా, నేను చెప్పలా! మోకాళ్ళ మీదా, నిలబడా?"

"పొయ్యి ముందు వంగుని."

"చెల్లుతుందిలే." క్యాను ఎత్తుకుని నాలుగడుగులు వేసి ఆగాడు. "ముందు ఎవరి పేరు చెప్పావు?"

వినపడనట్టు వాగు దాటి థర్జా ఇంటికి పోయాను. వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసింది, ఆపిల్ పై కోసి పెట్టింది. సంగతి చెప్పాను. చాకు బల్లమీద పెట్టింది.

"పిల్లలున్నారా అప్పుడు?"

"లేరు. ఇంకా ఏడైనా కాలేదు."

"టీచరమ్మ?"

"లేదు."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"చలి తప్ప ఎవరూ లేరు."

"అయితే నాకేం అభ్యంతరం లేదు, ఆన్సెల్. నీ నోరు, నీ దేవుడు." టీలో చక్కెర వేసి కలిపింది. కరిగిపోయాక కూడా కలుపుతూనే ఉంది. "ఇంతకీ ముందు ఎవరి పేరు చెప్పావు?"

చెంచాతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాను. "ఈ ప్రశ్న సభా నియమాలకు విరుద్ధం."

"ఇది నా వంటిల్లు. ఇక్కడ అధ్యక్షురాలిని నేను. చెప్పు."

రెండు పేర్లూ ఒకేసారి చెప్పానన్నాను. ఆవిడ కప్పు మీదుగా నన్ను ఒకసారి చూసింది. తర్వాత ఇంకో ముక్క కోసి నా పళ్ళెంలో వేసింది.